అన్నమును ఆయుష్షును: గరాచర్మలో విన్న ఒక ప్రశ్న

దక్షిణ అండమాను ద్వీపములో, 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్టు బ్లెయిరునకు సమీపమున, గరాచర్మ అను ఊరు కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పని వెదకికొనుచు ఓడలెక్కి వచ్చి ఈ ద్వీపములలో స్థిరపడిన తెలుగువారు అనేకులు. వారి పిల్లలు వీధిలో హిందీ మాటలాడుదురు. ఇంటిలో మాత్రము అమ్మమ్మల తెలుగు, అమ్మమ్మల వంట. ఆ ఊరిలో ఒక కుటుంబమువారు పిలువగా సాయంకాల ప్రార్థనకూటమునకు నేను వెళ్లితిని. ఆ యింటి యజమానుడు 48వ యేట పక్షవాతము వచ్చి మరణించి అప్పటికి మూడు నెలలైనది.

ప్రార్థన ముగిసి, భోజనములై, వచ్చినవారందరు వెళ్లిపోయిన పిమ్మట ఆయన భార్య నాయెదుట వచ్చి నిలిచెను. ఆమె అడిగిన మాటలను ఆమె భాషలోనే వ్రాయుచున్నాను. "అయ్యగారూ, దేవుడు పిలిచేసుకున్నాడమ్మా అని అందరూ అంటన్నారు. డాక్టరుగారు ఉప్పు తగ్గించమని రెండేళ్ల ముందే చెప్పేరు. నేను తగ్గించలేదు. ఎండుచేప లేకపోతే ఆయనకి ముద్ద దిగేది కాదు. నిజం చెప్పండి. ఆయన్ని దేవుడు పిలిచేడా, నా చేతి కూర చంపేసిందా?"

నేను వేదాంతశాస్త్రములో పట్టము పొందినవాడను. దైవసంకల్పమునుగూర్చియు మానవ స్వేచ్ఛనుగూర్చియు పరభాషలలో వ్రాయబడిన పుటలనేకము తెనిగించినవాడను. అయినను ఆ రాత్రి నాకు నోట మాట రాలేదు. అరగంట క్రిందటనే ఆమె కొసరి కొసరి వడ్డించుచుండగా కాదనలేక ఆ యింటి ఎండుచేపల వేపుడును మామిడికాయ ఊరగాయను తినియుంటిని. నా సంచిలో నా రక్తపోటు మాత్రలున్నవి. నా తిరుగు ప్రయాణపు ఓడకు ఇంకను రెండు దినములుండెను. ఆ రెండు దినములలో ఆలోచించినదియు, తరువాత చదివి తెలిసికొనినదియు ప్రియ చదువరుల యెదుట ఉంచుచున్నాను. ఈ ప్రశ్న ఆ యొక్క యింటిది మాత్రమే కాదని నా నమ్మకము.

రెండు సులభమైన జవాబులు

ఆమె ప్రశ్నకు సులభమైన జవాబులు రెండు గలవు. "ఆయుష్షు దేవుని చేతిలోనిది, ఉప్పుతోను పప్పుతోను దానికి పని లేదు" అనునది మొదటిది. ఇది భక్తిగల మాటవలె వినబడును. దుఃఖించువారిని ఊరడించుటకు మనము తరచుగా వాడునది ఇదియే. "మనుష్యుడు తినినదానినిబట్టియే బ్రదుకును, తినినదానినిబట్టియే చచ్చును" అనునది రెండవది. ఇది జ్ఞానముగల మాటవలె వినబడును. నేటి దినములలో ఎచ్చట చూచినను ఇదే బోధ. మొదటి జవాబు ఆమెను అబద్ధముతో ఓదార్చును. రెండవది సగము సత్యముతో ఆమెను శిక్షించును. ఈ రెంటినుండియు తప్పించుకొను మార్గము కలదా?

మన తీరము నేర్పిన పాఠము

మొదటి జవాబును మన తెలుగు తీరపు చరిత్రయే కొట్టివేయుచున్నది. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధములో, ఉత్తర సర్కారులని పిలువబడిన మన కోస్తా జిల్లాలలో బెరిబెరి అను వ్యాధి ప్రబలియుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, శరీరము వాచి, గుండె బలహీనపడి జనులు మరణించుచుండిరి. చంటిబిడ్డలుకూడ దానికి బలియైరి. కారణము వారి కంచములోనే ఉండెను. ధాన్యమును ఉడుకబెట్టక పచ్చిగానే మరలో ఆడించి, తెల్లగా పాలిషు పట్టిన బియ్యమే వారి ముఖ్యాహారము. బెరిబెరిని నివారించు థయమిన్ అను విటమిను తవుడులోను మొలకభాగములోను ఉండును. మర దానిని తీసివేసెను. మిగిలినదానిలో కొంత కడుగునీళ్లతో పోయెను. మరికొంత వార్చిన గంజితో పోయెను. ఉప్పుడు బియ్యము తినుచోట్ల ఈ వ్యాధి అరుదు. ఏలయనగా ధాన్యమును ఉడికించినపుడు ఆ విటమిను గింజలోనికి ఇంకి, మర పట్టినను చాలవరకు నిలిచియుండును. బలమైనది పశువులకు వేసి, తెల్లనిది మనము తినుచుంటిమి.

ఈ వ్యాధిని పరిశోధించుటకు 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్టు మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న ప్రయోగశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయని పేరు పొందినది. ఆ బిడ్డల మరణమును "దేవుని చిత్తము" అని చెప్పి అందరును చేతులు కట్టుకొని కూర్చుండినయెడల ఎంతమంది బిడ్డలు ఇంకను చనిపోయియుందురో! ధాన్యపుగింజ పొరలో ప్రాణాధారమును దాచినవాడు దేవుడు. ఆ పొరను చూచుటకు మనుష్యునికి బుద్ధినిచ్చినవాడును ఆయనే. కావున ఆహారమునకును ఆయుష్షునకును సంబంధము లేదనుట దేవుని ఘనపరచుట కాదు. ఆయన సృష్టిలో ఉంచిన క్రమమును చదువక పుస్తకమును మూసివేయుటయే.

ఉప్పు విషయమును అట్టిదే. ఉప్పు ఎక్కువైనపుడు శరీరము నీటిని నిలుపుకొనును. రక్తపు పరిమాణము పెరిగి నాళములమీద ఒత్తిడి హెచ్చును. సంవత్సరములు గడచినకొలది నాళములు గట్టిపడును. ఒకనాడు మెదడులో ఒకటి మూసికొనిపోవును, లేదా పగులును. దినమునకు 5 గ్రాములకంటె తక్కువగా, అనగా ఒక చిన్న చెంచాకు మించకుండ ఉప్పు వాడుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహానిచ్చుచున్నది. ఎండుచేప, ఊరగాయ, అప్పడము మూడును ఒకే విస్తరిలో చేరిన దినమున మనము ఆ గీతను ఎప్పుడు దాటితిమో మనకే తెలియదు. మన దేశములోని మొత్తము వ్యాధిభారములో నూటికి 56.4 వంతులు ఆహారపు టలవాట్లు సరిగా లేనందువలననే కలుగుచున్నవని హైదరాబాదు సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకములలో చెప్పబడినది.

నూటికి పదునాలుగు

ఇంతవరకు చదివినవారు "అట్లయిన ఆ స్త్రీయే దోషి గదా" అని తలంచవచ్చును. తొందరపడకుడి. ఇక్కడ ఒక పరిశోధన నాకెంతయు సహాయపడినది. చైనాలో 600 గ్రామములలో సుమారు 21,000 మందితో జరిగిన పరిశోధన ఫలితములు 2021లో ప్రచురింపబడినవి. వారు పూర్వము పక్షవాతము వచ్చినవారు, లేదా 60 ఏండ్లు దాటి రక్తపోటు కలవారు. సగము గ్రామములవారు మామూలు ఉప్పే వాడిరి. మిగిలిన సగమునకు, నాలుగవ వంతు పొటాషియము లవణము కలిపిన ఉప్పు ఇయ్యబడెను. దాదాపు అయిదేండ్లు గడచునప్పటికి ఈ రెండవ గ్రామములలో పక్షవాతము నూటికి 14 వంతులు తగ్గినది. మరణములును తగ్గినవి. (మూత్రపిండముల వ్యాధి గలవారు ఇట్టి ఉప్పును వైద్యుని అడుగకుండ వాడరాదు.)

పదునాలుగు అనునది చిన్న సంఖ్య కాదు. ఒక దేశమంతటిలో అది లక్షలాది కుటుంబముల కన్నీరు. కాని ఆ సంఖ్యను త్రిప్పి చూడుడి. వంద పక్షవాతములు రావలసినచోట ఎనుబదియారు వచ్చినవి. ఉప్పు మార్చినను వచ్చినవి. తప్పించుకొనినవారు ఫలాని ఫలానివారని ఆ పరిశోధకులే చెప్పజాలరు. లెక్క ఊరినిగూర్చి చెప్పగలదు గాని ఒక మనుష్యునిగూర్చి చెప్పలేదు.

దీనిలో నాకు ఒక గొప్ప భేదము కనబడినది. ఈ సంఖ్యయే రేపటి చేతిని కట్టును. ఈ సంఖ్యయే నిన్నటి చేతిని విడిపించును. రేపు వంట చేయబోవు స్త్రీకి, రేపు భుజింపబోవు పురుషునికి ఇది ఆజ్ఞవంటిది. మేలు కలుగు మార్గము తెలిసియు దానిలో నడువకుండుట పాపమని యాకోబు హెచ్చరించెను గదా. కాని గతించిన ఒక మరణమును చూపి "నీ కూరయే చంపెను" అని తీర్పు చెప్పు అధికారమును అది ఎవనికిని ఇయ్యదు. ఆ తీర్పునకు కావలసిన జ్ఞానము దేవునికి మాత్రమే కలదు.

దోషముయొక్క కొలత

అయితే సత్యము పూర్తిగా చెప్పవలెను. వైద్యుడు చెప్పెను, ఆమె వినలేదు. బెరిబెరి కాలపు తల్లులకు తెలియదు. వారిమీద దోషము లేదు. ఈమెకు కొంత తెలిసినది. గనుక కొంత బాధ్యత కలదు. కాని ఆ బాధ్యత ఆమెది మాత్రమేనా? ఉప్పు తగ్గించిన దినమున కంచమును ప్రక్కకు నెట్టినది ఆయనయే. పెరిగిన పురుషుని నోటికి భార్య కావలి కాదు. ఇక ద్వీపముల సంగతి ఆలోచింపుడి. బియ్యము, పప్పు, ఉల్లిపాయలు మొదలైనవి ఎక్కువగా సముద్రము దాటి రావలసినవే. ఓడ ఆలస్యమైన వారమున కూరగాయల ధర కూలివాని చేతికందదు. ఎండుచేప నిలువయుండును, చవక. 1942 మొదలు 1945 వరకు జపాను సైన్యము ఈ ద్వీపములను ఆక్రమించిన కాలములో ఆకలిచేత చనిపోయినవారు గలరు. నిలువ ఆహారము మీద ద్వీపవాసులకు గల మక్కువ తిండిబోతుతనము కాదు. అది భయము నేర్పిన జాగ్రత్త. తెలిసికొనుట ఒకటి, చేయగలుగుట మరియొకటి. దరిద్రుని కంచమును చూచి అతని ఆత్మకు తీర్పు తీర్చువాడు జాగ్రత్తపడవలెను.

దోషము ఉన్నంతవరకు ఒప్పుకొనవలెను. లేనంత భారము మోయరాదు. మన సంఘములలో ఈ రెండును తారుమారగుట తరచుగా చూచుచున్నాను. ఒప్పుకొనవలసినవారు దేవుని చిత్తమని తప్పించుకొందురు. మోయనక్కరలేనివారు రాత్రులు నిద్రలేక మోయుదురు.

దీర్ఘాయుష్షు పుస్తకమును అనువదించినవాడు

రెండవ జవాబును, అనగా సరిగా తినువాడు తప్పక బహుకాలము బ్రదుకుననుదానిని, సరిచేయుటకు అనువాదకుల చరిత్రలోనుండి ఒక సంగతి చెప్పెదను. వెనిసు రాజ్యమునకు చెందిన లుయీజి కొర్నారో అను ధనికుడు యౌవనమున అమితముగా తిని త్రాగి, నలుబది యేండ్లు రాకముందే ఆరోగ్యమును పాడుచేసికొనెను. వైద్యుల మాట విని మితాహారమునకు మారి కోలుకొనెను. దినమునకు పన్నెండు ఔన్సుల ఆహారము తూచి తినుచు ముదిమి వయస్సు వరకు జీవించి, మితజీవనమునుగూర్చి 1558లో ఒక గ్రంథము ప్రకటించెను. లెస్సియస్ అను వేదాంతపండితుడు 1613లో దానిని లాటిను భాషలో వెలువరించెను. ఇంగ్లాండులో బెమెర్టన్ గ్రామసంఘపు కాపరియు, కవియునైన జార్జి హెర్బర్టు దానిని ఆంగ్లీకరించెను. ఆ యనువాదము 1634లో అచ్చుపడెను. కాని అప్పటికి హెర్బర్టు లేడు. 1633లో, నలుబది యేండ్లు నిండకముందే, ఆయన మరణించెను.

దీర్ఘాయుష్షు పుస్తకమును అనువదించినవాడు దీర్ఘాయుష్షు పొందలేదు. ఆ పుస్తకము అబద్ధమా? కాదు. మితాహారము మంచిదే. హెర్బర్టు జీవితము వ్యర్థమా? అదియు కాదు, ఆయన భక్తికవిత్వమును నేటికిని ప్రపంచమంతట చదువుచున్నారు. మంచి ఆహారము ఆయుష్షునకు సహాయమే గాని హామీ కాదు. రైతు దున్ని, విత్తి, కలుపు తీయును. పంట మాత్రము దానమే. దున్నని పొలములో పంటకై ప్రార్థించుట వెఱ్ఱితనము. దున్నితిని గనుక పంట నా హక్కని దేవునితో వాదించుట గర్వము.

బహుకాలము ఎందుకొరకు?

ఇప్పుడు లోతైన ప్రశ్న. బహుకాలము బ్రదుకుట ఎందుకొరకు? సువార్తలోని ధనికుడు అనేక సంవత్సరములకు చాలినంత కొట్లలో పోసికొని, తినుము త్రాగుమని తన ప్రాణముతోనే చెప్పుకొనెను. ఆ రాత్రియే లెక్క అడుగబడెను. అతని తప్పు తినుట కాదు; ఆ సంవత్సరములన్నియు తనకొరకే అనుకొనుట.

అతనికి ప్రక్కన గిలాదువాడైన బర్జిల్లయిని నిలువబెట్టి చూడుడి. ఎనుబది యేండ్ల వృద్ధుడు. దావీదు తన కుమారునికి భయపడి పారిపోయి మహనయీములో ఆకలిగొనియుండగా, గోధుమలు, యవలు, చిక్కుడుకాయలు, తేనె, వెన్న మోయించి తెచ్చినవారిలో అతడొకడు. తరువాత రాజు తన బల్లయొద్దకు రమ్మని పిలిచినప్పుడు, తనకు అన్నపానముల రుచియే తెలియదని చెప్పి, తనకు బదులుగా కింహామును పంపెను. తన నాలుకకు రుచి పోయిన తరువాతకూడ ఇతరుల ఆకలి తెలిసియుండుట! అట్టి ముదిమికొరకు దేహమును కాపాడుకొనుట ధర్మమే.

ఆయుష్షుకంటె గొప్పవి కలవనియు మరువరాదు. గరాచర్మకు కొద్ది దూరములోనే సెల్యులర్ జైలు నిలిచియున్నది. 1933 మే నెలలో అక్కడి రాజకీయ ఖైదీలు తినదగిన ఆహారము, వెలుతురు, చదువుకొనుటకు పుస్తకములు కావలెనని, మనుష్యులవలె చూడబడవలెనని నిరాహారదీక్ష పూనిరి. అధికారులు బలవంతముగా గొట్టముద్వారా పాలు పోయగా మహావీర్ సింగు ఊపిరితిత్తులలోనికి ఆ పాలు చేరి మరణించెను. మరి ఇద్దరును ఆ దీక్షలోనే ప్రాణములు విడిచిరి. దేహమును నిలుపు ఆహారమును మానవగౌరవముకొరకు వారు ప్రక్కన పెట్టిరి. దానియేలునుకూడ మనము ఆరోగ్యశాస్త్ర పాఠముగా మార్చివేయుచున్నాము. పది దినములు శాకాహారము తినినందున అతని ముఖము కళగా నుండెననుట నిజమే. కాని అతడు ముఖకాంతి కోరలేదు, అపవిత్రపడకుండుట కోరెను. ఆయుష్షే అతని దేవుడైనయెడల సింహముల గుహకు దిగియుండునా?

కావున కంచమును విగ్రహముగా చేసికొనరాదు. ఈ దినములలో కొందరు ప్రతి ముద్దను తూచి, ఇతరుల కంచములను పరీక్షించి, ఆహారనియమమునే నీతిగా భావించుచున్నారు. దేవుని రాజ్యము భోజనపానములలో లేదని పౌలు రోమా సంఘమునకు బోధించెను. అయితే బదరీవృక్షము క్రింద చావగోరిన ఏలీయాకు దేవదూత మొదట చేసినది ప్రసంగము కాదు; రొట్టెయు నీళ్లును ఇచ్చి, ప్రయాణము దూరమని చెప్పుట. ఆహారమునకు దేవుడు పెట్టిన హద్దును ఘనతయు ఇందే కలవు. ముందున్న ప్రయాణముకొరకు భుజించుట.

కొసరి వడ్డించు ప్రేమ

మన తెలుగు ఇండ్లలో ప్రేమను గరిటెతో కొలుచుదురు. "ఇంకొక్క ముద్ద" అననిదే ఆతిథ్యము పూర్తికాదు, వద్దనినయెడల అవమానమగును. సంఘపు ప్రేమవిందులలోను ఇదే వరుస. ఈ ప్రేమ మంచిది. దాని చేతనున్న గరిటెకు మాత్రము క్రొత్త అలవాటు నేర్పవలెను. కంచమునందు సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలకు విడిచి, మిగిలిన సగములో అన్నము, పప్పు, చేప ఉంచుమని పైని చెప్పిన మార్గదర్శకముల సారాంశము. ద్వీపములలో పచ్చిచేప దొరకును. వారమునకొకసారి ఎండుచేప వండినను దానిని పలుమార్లు నీళ్లలో కడిగి వేరే ఉప్పు వేయకుండ వండవచ్చును. మునగాకు, తోటకూర, బచ్చలి, అక్కడివారు బర్మా ధనియా అను సువాసనగల ఆకు పెరటిలోనే పెరుగును. 1978లో స్థాపింపబడి, నేడు కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధనా సంస్థయని పిలువబడు సంస్థ గరాచర్మలోనే ఉన్నది. ఈ ద్వీపపు నేలకు తగిన పంటలను పరిశోధించుట దాని పని. పులుపు, కారము, ఆకుల వాసన నాలుకకు తోడైనపుడు ఉప్పు తగ్గినను కొన్ని వారములలో నోరు అలవాటుపడును. కాపరులమైన మనమును, పిలిచిన ప్రతి యింటిలో ఊరగాయ జాడీని మెచ్చుకొనుట మాని, ఆకుకూరను మెచ్చుకొనిన మేలు. అతిథి దేనిని అడిగి మరల వేయించుకొనునో గృహిణి దానినే మరల వండును.

ఆమెకు చెప్పినది

ఓడ యెక్కు దినమున ఉదయము నేను మరల ఆ యింటికి వెళ్లితిని. "అమ్మా, నీవు అడిగిన దానికి దేవుడొక్కడే పూర్తి జవాబు ఎరుగును. డాక్టరు మాట వినకపోవుట నిజము. దానిని ఆయనకు చెప్పుకొనుము, ఆయన క్షమించును. భర్తను చంపితినను మాట నిజమని నీకు తెలియదు, నాకు తెలియదు, డాక్టరుకును తెలియదు. ఎవరికిని తెలియని నేరమును నీమీద వేసికొనకుము. నీ బిడ్డలిద్దరున్నారు, నీ అత్తగారున్నారు. నిన్నటి కూరను దేవునికి అప్పగింపుము; నేటి కూరను ఆయన నీకు అప్పగించియున్నాడు" అని చెప్పితిని.

ఆమె చాలసేపు ఏడ్చెను. తరువాత లేచి నాకు అన్నము పెట్టెను. పచ్చిచేపల పులుసు, మునగాకు వేపుడు. ఊరగాయ జాడీ బల్లమీద లేదు. నేను రెండు ముద్దలు తినిన పిమ్మట, "ఉప్పు సరిపోయిందా అయ్యగారూ?" అని భయపడుచు అడిగెను.

సరిపోయినదని చెప్పి, మునగాకు మరికొంచెము వేయుమంటిని.